క్లౌడ్ సెట్టింగుల్ని హిపా నిబంధనలతో మ్యాప్ చేయడం ఎలా?

అమెరికా క్లినిక్‌లకు మెడికల్ బిల్లింగ్, కోడింగ్ చేసిపెట్టే కంపెనీలు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి. వాటిలో సెక్యూరిటీ పని చూసేవాళ్లకి ఏదో ఒకరోజు క్లయింట్ నుంచి మెయిల్ వస్తుంది: మీ క్లౌడ్ కంట్రోల్స్‌ని హిపా సెక్యూరిటీ రూల్‌తో మ్యాప్ చేసి శుక్రవారంలోగా పంపండి అని. హిపా అంటే పేషెంట్ల ఆరోగ్య సమాచారాన్ని కాపాడే అమెరికా చట్టం; మ్యాప్ చేయడమంటే దాని ఒక్కో నిబంధనకీ మీరు ఏం చేశారో ఎదురెదురుగా రాయడం. ఇక టెన్షన్ మొదలు. నెట్‌లో దొరికిన రెడీమేడ్ ఎక్సెల్ ఒకటి తీసుకుని, ఎడమవైపు నిబంధన, కుడివైపు సర్వీస్ పేరు రాసి పంపేస్తారు. ఎన్‌క్రిప్షన్ ఎదురుగా కేఎంఎస్ (ఎన్‌క్రిప్షన్ తాళాలు చూసుకునే సర్వీసు), ఆడిట్ ఎదురుగా క్లౌడ్‌ట్రెయిల్ (అకౌంట్‌లో ఎవరేం చేశారో రాసిపెట్టే సర్వీసు). చూడ్డానికి నిండుగానే ఉంటుంది. ఆడిటర్ ఏదో ఒక వరస మీద వేలుపెట్టి "ఇది చూపించండి" అన్నప్పుడు మాత్రం అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

ఆ ప్రశ్నకి నిలబడే షీట్ ఎలా తయారుచేయాలో చెప్పడమే ఈ గైడ్ ఉద్దేశం. ఉదాహరణలకు అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ తీసుకున్నాను. అజూర్‌లో, గూగుల్ క్లౌడ్‌లో సర్వీసుల పేర్లు వేరు, చేసే పని ఒకటే.

ఎక్సెల్ తెరవకముందే డేటా దారి గీయండి

మ్యాపింగ్ అనగానే నిబంధనల లిస్టు ముందేసుకుని కూర్చోవాలనిపిస్తుంది. దానికి ఇంకా టైముంది. పేషెంట్ల డేటా మీ దగ్గరికి ఎలా వస్తోంది, ఎక్కడ ఆగుతోంది, ఎటు పోతోంది అనేది ముందు ఒక కాగితం మీద గీయండి. మామూలు బిల్లింగ్ సెటప్ ఇలా ఉంటుంది: క్లినిక్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫైళ్లని ఎస్‌ఎఫ్‌టీపీలో (సురక్షితంగా ఫైళ్లు పంపే పద్ధతి) పంపుతుంది, అవి ఎస్‌3 బకెట్‌లో (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) పడతాయి, ఒక లాంబ్డా ఫంక్షన్ (ఫైల్ రాగానే నడిచే చిన్న ప్రోగ్రామ్) వాటిని విడగొట్టి ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ నడిపే డేటాబేస్ సర్వీసు) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వేస్తుంది, బిల్లర్లు వెబ్ యాప్‌లోంచి ఆ రికార్డులు తెరిచి పని చేస్తారు.

ఇంతవరకూ అందరూ గీస్తారు. అందరూ వదిలేసేవి ఇంకొన్ని ఉంటాయి. లాంబ్డా ఫెయిలైనప్పుడల్లా ఎర్రర్ మెసేజ్‌తో పాటు మొత్తం రికార్డునే ప్రోగ్రామ్‌ల లాగ్‌లు దాచే క్లౌడ్‌వాచ్‌లోకి తోసేస్తుంటుంది. పేషెంట్ పేరు, పుట్టిన తేదీ, ఇన్సూరెన్స్ ఐడీ అన్నీ అక్కడ మామూలు అక్షరాల్లో కనిపిస్తుంటాయి. టెస్టింగ్ కోసమని ఎవరో ప్రొడక్షన్ (అసలు పనిలో ఉన్న) డేటాబేస్ స్నాప్‌షాట్‌ని, అంటే దాని పూర్తి కాపీని, డెవలపర్ల టెస్టింగ్ (డెవ్) అకౌంట్‌లోకి తెచ్చుకుని ఉంటారు. క్లెయిమ్ ఎందుకు రిజెక్ట్ అయిందో అడగడానికి బిల్లర్ సపోర్ట్ టికెట్‌కి స్క్రీన్‌షాట్ తగిలిస్తారు. నెలాఖరు రిపోర్టు ఎక్సెల్‌గా మేనేజర్ ల్యాప్‌టాప్‌లోకి దిగుతుంది. హిపా భాషలో ఇవన్నీ ఈపీహెచ్‌ఐ ఉన్న చోట్లే, అంటే ఎలక్ట్రానిక్ రూపంలో పేషెంట్ ఆరోగ్య సమాచారం ఉన్న చోట్లే.

డెవ్ కాపీ కనబడితే దాన్ని మ్యాపింగ్‌లో చేర్చే బదులు తీసేయించండి. పేరు, తేదీలు, ఫోన్, మెడికల్ రికార్డు నంబర్ లాంటి 18 రకాల గుర్తులు తొలగించే పద్ధతి హిపా ప్రైవసీ రూల్‌లో ఉంది. కానీ టెస్టింగ్‌కి కల్పిత డేటా తయారు చేసుకోవడమే తేలిక అని నా అభిప్రాయం. 18 గుర్తులూ తీసేశామని రుజువు చేయడం అనుకున్నంత సులువు కాదు, ముఖ్యంగా డాక్టర్ రాసిన నోట్స్ కాలమ్ ఉంటే.

బీఏఏ ఉందో లేదో చూడండి

హిపా చట్టం 1996 నాటిది. సెక్యూరిటీ రూల్ 2003లో వచ్చింది. 2009 నాటి హైటెక్ చట్టం, దాన్ని అమల్లో పెట్టిన 2013 రూల్ కలిసి బాధ్యతని ఆస్పత్రుల దగ్గరే ఆపకుండా వాళ్ల తరఫున డేటా చూసే బిజినెస్ అసోసియేట్ల దాకా తెచ్చాయి. బిల్లింగ్ కంపెనీ ఆ కోవలోకే వస్తుంది. ఆ కంపెనీ డేటా పెట్టుకునే క్లౌడ్ ప్రొవైడర్ కూడా అంతే. డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉండి, తాళం మా దగ్గర లేదు అని ప్రొవైడర్ అన్నా సరే, అతను బిజినెస్ అసోసియేటేనని అమెరికా ఆరోగ్య శాఖ 2016లో ఇచ్చిన క్లౌడ్ గైడెన్స్‌లో స్పష్టంగా చెప్పింది.

కాబట్టి గొలుసులో ప్రతి లింకుకీ ఒక బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్ (బీఏఏ) ఉండాలి: క్లినిక్‌కీ మీకూ ఒకటి, మీకూ క్లౌడ్ ప్రొవైడర్‌కీ ఒకటి. ఏడబ్ల్యూఎస్‌లో అయితే ఆర్టిఫాక్ట్ అనే పేజీలోకి వెళ్లి దాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది ఒక్క అకౌంట్‌కా, మీ ఆర్గనైజేషన్‌లోని అకౌంట్లన్నిటికీనా అన్నది చూడండి. ఇది కాగితం పనే కదా అనుకోవద్దు. ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ 2016లో 27 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకున్న కేసులో ఉన్న ఆరోపణల్లో ఒకటి ఇదే: 3 వేల మందికి పైగా పేషెంట్ల డేటాని బీఏఏ లేకుండా ఒక క్లౌడ్ సర్వర్‌లో పెట్టారని.

తర్వాత, మీరు గీసిన దారిలోని ప్రతి సర్వీసూ ప్రొవైడర్ ఇచ్చే హిపా ఎలిజిబుల్ లిస్టులో ఉందో లేదో సరిచూడండి. లిస్టులో ఉంటే ఆ సర్వీసుని వాడుకోవచ్చని అర్థం, అంతవరకే. దాన్ని సరిగ్గా సెట్ చేసుకునే బాధ్యత మీదే. ఈ మధ్య కొత్తగా చూడాల్సింది ఇంకొకటి వచ్చింది. డెవలపర్లు ఎర్రర్ లాగ్‌ని కాపీ చేసి ఏఐ చాట్ టూల్స్‌లో పేస్ట్ చేస్తున్నారు. ఆ లాగ్‌లో పేషెంట్ పేరుంటే, ఆ టూల్ కంపెనీతో మీకు బీఏఏ లేకపోతే, గొలుసు అక్కడ తెగినట్టే.

షీట్‌లో కాలమ్‌లు ఏవి ఉండాలి

వరసలు నిబంధనల నుంచి మొదలవ్వాలి. సర్వీసుల నుంచి మొదలుపెడితే మీ దగ్గరున్న ప్రతి టూల్‌కీ ఏదో ఒక నిబంధన దొరికేస్తుంది, ఏ టూలూ లేని నిబంధనలు మాత్రం కనిపించకుండా పోతాయి. సెక్యూరిటీ రూల్‌లో చూడాల్సిన సెక్షన్లు ఇవి: 164.308 పాలనాపరమైనవి, 164.310 భౌతికమైనవి, 164.312 సాంకేతికమైనవి, 164.314 ఒప్పందాలు, 164.316 డాక్యుమెంట్లు. వాటి కింద ఉండే చిన్న నిబంధన ఒక్కోదానికీ ఒక్కో వరస ఇవ్వండి.

ఒక్కో వరసకి: నిబంధన, అది తప్పనిసరా అడ్రెసబులా, డేటా దారిలో ఏ చోటికి వర్తిస్తుంది, మీరు చేసిన పని ఏమిటి, దాని బాధ్యత ప్రొవైడర్‌దా మీదా ఇద్దరిదా, మీలో ఎవరిది, రుజువు ఎక్కడుంది, చివరిసారి ఎప్పుడు చూశారు. "మీలో ఎవరిది" అన్నచోట టీమ్ పేరు రాస్తే లాభం లేదు, మనిషి పేరు రాయండి.

అడ్రెసబుల్ గురించి ఒక మాట. నిల్వ ఉన్న డేటా ఎన్‌క్రిప్షన్, ఆటోమేటిక్ లాగాఫ్ లాంటివి ఆ కోవలో ఉన్నాయి. ఐచ్ఛికం అనుకుని "వర్తించదు" అని కొట్టేసేవాళ్లున్నారు. రూల్ చెప్పేదేమిటంటే, అది మీ పరిస్థితికి సబబేనా అని పరిశీలించి, సబబైతే చేయాలి. కాకపోతే ఎందుకు కాదో రాసిపెట్టి, సాధ్యమైనంతలో ప్రత్యామ్నాయం చేయాలి. క్లౌడ్‌లో ఎన్‌క్రిప్షన్ ఒక్క టిక్కుతో అయిపోతున్నప్పుడు అది సబబు కాదని రాసి నెగ్గుకురావడం కష్టం. పైగా 2025 జనవరిలో అమెరికా ఆరోగ్య శాఖ ప్రచురించిన సవరణ ప్రతిపాదనలో ఈ తేడానే దాదాపు ఎత్తేసి, ఎన్‌క్రిప్షన్, ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు అడిగే లాగిన్) తప్పనిసరి చేయాలని ఉంది. అది ప్రతిపాదనే అయినా, కొత్తగా షీట్ కట్టేవాళ్లు అడ్రెసబుల్ అన్నవాటిని తప్పనిసరి కింద లెక్కేసుకోవడం తెలివైన పని.

ఒక వరసని పూర్తిగా నింపి చూద్దాం: ఆడిట్ కంట్రోల్స్

164.312లోని ఆడిట్ నిబంధన ఈపీహెచ్‌ఐ ఉన్న సిస్టమ్స్‌లో ఏం జరుగుతోందో రికార్డు చేసి, పరిశీలించే ఏర్పాటు ఉండాలంటుంది. రెడీమేడ్ షీట్‌లో దీని ఎదురుగా "క్లౌడ్‌ట్రెయిల్" అని ఉంటుంది. ఈ వరసని పరీక్షించడానికి ఆడిటర్ అడిగే ప్రశ్నని మీరే వేసుకోండి: ఫలానా పేషెంట్ రికార్డుని మార్చి 3న ఎవరు తెరిచారు?

క్లౌడ్‌ట్రెయిల్‌ని అలాగే వదిలేస్తే అందులో ఉండేది 90 రోజుల మేనేజ్‌మెంట్ ఈవెంట్లు మాత్రమే. బకెట్ ఎవరు క్రియేట్ చేశారు, పాలసీ ఎవరు మార్చారు అన్నవి దొరుకుతాయి. బకెట్‌లోని ఒక ఫైల్‌ని ఎవరు చదివారన్నది డేటా ఈవెంట్ కిందికి వస్తుంది. అది మీరు ప్రత్యేకంగా ఆన్ చేస్తేనే రికార్డవుతుంది, దానికి డబ్బులు కూడా వేరే. కాబట్టి మొదటి పని ఒక ట్రెయిల్ పెట్టి, ఈపీహెచ్‌ఐ ఉన్న బకెట్లకి మాత్రం డేటా ఈవెంట్లు ఆన్ చేయడం. లాగ్‌లు వేరే అకౌంట్‌లోకి వెళ్లాలి, ప్రొడక్షన్ అడ్మిన్‌కి అక్కడ డిలీట్ హక్కు ఉండకూడదు, లాగ్‌ని ఎవరూ మార్చలేదని తేల్చే లాగ్ ఫైల్ వాలిడేషన్ ఆన్‌లో ఉండాలి.

ఇదంతా చేశాక కూడా మార్చి 3 ప్రశ్నకి జవాబు దొరకదు. బిల్లర్ రికార్డు తెరిచేది వెబ్ యాప్‌లోంచి. యాప్ డేటాబేస్‌తో మాట్లాడేది ఒకే ఒక్క యూజర్ ఐడీతో. డేటాబేస్ లాగ్‌లో పోస్ట్‌గ్రెస్ ఆడిట్ ఎక్స్‌టెన్షన్ పెట్టినా కనిపించేది ఆ యాప్ ఐడీయే; నలభై మంది బిల్లర్లలో తెరిచింది ఎవరో దానికి తెలియదు. ఆ సమాచారం ఒక్క యాప్‌కే తెలుసు. అంటే ఎవరు, ఏ రికార్డు, ఎప్పుడు, చూశారా మార్చారా అన్నది యాప్ కోడ్‌లోనే రాయించాలి. రాయించేటప్పుడు పేషెంట్ పేరు బదులు రికార్డు ఐడీ మాత్రమే లాగ్‌లో పడేట్టు చూడండి, లేకపోతే లాగే ఇంకో ఈపీహెచ్‌ఐ గోదాము అవుతుంది.

ఇప్పుడు ఆ వరస ఎదురుగా మూడు విషయాలు వస్తాయి: క్లౌడ్‌ట్రెయిల్ సెట్టింగ్, డేటాబేస్ ఆడిట్ సెట్టింగ్, యాప్ లాగ్. రుజువు కాలమ్‌లో సెట్టింగ్ స్క్రీన్‌షాట్‌తో ఆగొద్దు. మార్చి 3 లాంటి ఒక ప్రశ్న తీసుకుని, మూడు లాగ్‌ల్లోనూ వెతికి, జవాబు వచ్చిన క్వెరీనీ ఫలితాన్నీ దాచిపెట్టండి.

164.308లో దీనికి జంట వరస ఒకటుంది: ఆ లాగ్‌లని క్రమంగా సమీక్షించాలని. లాగ్ ఉండటం ఒక వరస, దాన్ని ఒక మనిషి చూడటం ఇంకో వరస. ప్రతి నెలా ఒక టికెట్ తెరిచి, చూసినవాళ్లు ఏం చూశారో రెండు ముక్కలు రాసి మూసేస్తే చాలు, ఆ టికెట్లే రుజువు.

మిగతా సాంకేతిక వరసలు

ఎన్‌క్రిప్షన్ వరస చాలా తేలిగ్గా నిండిపోతుంది, అందుకే దాన్ని అనుమానంగా చూడాలి. ఎస్‌3లో 2023 జనవరి నుంచి కొత్తగా పడే ప్రతి ఆబ్జెక్టూ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతోంది. అసలు తేల్చాల్సింది దాన్ని ఎవరు విప్పగలరన్నది. మీ సొంత కేఎంఎస్ కీ పెట్టుకుంటే, కీ పాలసీలో ఎవరి పేర్లున్నాయో చూపించొచ్చు, కీ వాడిన ప్రతిసారీ లాగ్‌లో పడుతుంది. ఆర్‌డీఎస్ విషయంలో జాగ్రత్త: డేటాబేస్ పెట్టేటప్పుడే ఎన్‌క్రిప్షన్ ఎంచుకోవాలి. పాతది ఎన్‌క్రిప్ట్ కాకుండా నడుస్తుంటే, స్నాప్‌షాట్ తీసి, దాని కాపీని ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ కాపీ నుంచి కొత్త డేటాబేస్ లేపాలి. పాత స్నాప్‌షాట్లు మాత్రం ఎన్‌క్రిప్షన్ లేకుండానే పడుంటాయి, వాటినీ వెతికి తీసేయండి.

ఈ వరస మీద ఎక్కువ కష్టపడటానికి ఒక లెక్క ఉంది. ఆరోగ్య శాఖ గైడెన్స్ ప్రకారం ఎన్‌క్రిప్ట్ అయిన డేటా పోయి, కీ భద్రంగా ఉంటే, బ్రీచ్ నోటిఫికేషన్ రూల్ కింద పేషెంట్లకు తెలియజేయాల్సిన పని పడదు. దాడి చేసినవాడు యాప్ లాగిన్‌తోనే లోపలికొస్తే మాత్రం ఈ రక్షణ వర్తించదు. వాడికి డేటా విప్పిన రూపంలోనే కనిపిస్తుంది.

దారిలో ఉన్న డేటాకి: బకెట్ పాలసీలో టీఎల్‌ఎస్ (నెట్‌లో వెళ్లే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) లేని రిక్వెస్టులకు డినై పెట్టండి. ఆర్‌డీఎస్ పోస్ట్‌గ్రెస్‌లో ఎస్‌ఎస్‌ఎల్ (అదే పని చేసే ఎన్‌క్రిప్షన్) తప్పనిసరి చేసే పారామీటర్ 15వ వెర్షన్ నుంచి ఆన్‌లోనే ఉంటుంది, అంతకు ముందు వెర్షన్లలో మీరే ఆన్ చేయాలి.

లాగిన్ వరసలో ప్రతి మనిషికీ సొంత ఐడీ తప్పనిసరి. ఎంఎఫ్‌ఏ అన్న మాట ప్రస్తుత సెక్యూరిటీ రూల్‌లో పేరుపెట్టి లేదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో క్లెయిమ్‌లు ప్రాసెస్ చేసే చేంజ్ హెల్త్‌కేర్‌లోకి దాడి చేసినవాళ్లు ఎంఎఫ్‌ఏ లేని ఒక రిమోట్ యాక్సెస్ పోర్టల్‌లోంచి దొంగిలించిన లాగిన్‌తో వచ్చారని దాని మాతృసంస్థ సీఈఓ అమెరికా కాంగ్రెస్ ముందు చెప్పాడు. దాని దెబ్బకి దేశమంతా క్లెయిమ్‌లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఎంఎఫ్‌ఏ అక్కర్లేదని ఏ క్లయింటూ ఒప్పుకోడు. ఎమర్జెన్సీలో లోపలికెళ్లే ఏర్పాటు కూడా తప్పనిసరి వరసే, దాన్ని చాలామంది మర్చిపోతారు: సీల్ చేసి ఉంచిన ఒక అడ్మిన్ రోల్, అది వాడగానే నలుగురికి అలర్ట్, వాడాక సమీక్ష. ఆటోమేటిక్ లాగాఫ్‌కి రూల్ ఎన్ని నిమిషాలో చెప్పదు. మీరే నిర్ణయించి, ఎందుకో ఒక వాక్యం రాయండి.

బ్యాకప్ వరసకి "ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్" అన్న స్క్రీన్‌షాట్ సగం రుజువే. ఆర్‌డీఎస్‌లో అవి ఎక్కువలో ఎక్కువ 35 రోజులే ఉంటాయి. బ్యాకప్ నుంచి డేటాబేస్‌ని నిజంగా లేపి, ఎంతసేపు పట్టిందో రాసిపెట్టండి. ఇందాకటి 2025 ప్రతిపాదనలో ముఖ్యమైన సిస్టమ్స్‌ని 72 గంటల్లో తిరిగి నిలబెట్టాలని ఉంది. మీ లెక్క దానికి ఎంత దగ్గర్లో ఉందో తెలుస్తుంది.

క్లౌడ్ జవాబు చెప్పలేని వరసలు

డేటా సెంటర్ తలుపులు, పాత డిస్కుల ధ్వంసం లాంటివి ప్రొవైడర్ చూసుకుంటాడు. వాటికి అతని ఆడిట్ రిపోర్టే రుజువు, ఆర్టిఫాక్ట్‌లో దొరుకుతుంది. కానీ 164.310 అంతా ప్రొవైడర్‌దే అని రాసేయకండి. బిల్లర్ కూర్చునే సీటు, ఇంటి నుంచి పనిచేసే ల్యాప్‌టాప్, ఆఫీసులో ప్రింటర్ అన్నీ మీవే.

164.308లో ఎక్కువ భాగం మనుషుల చుట్టూ తిరుగుతుంది. రిస్క్ అనాలసిస్ అందులో మొదటిది. అసలు ఈ మ్యాపింగ్ దానికి కొనసాగింపుగా ఉండాలి. డేటా దారిలోని ప్రతి చోటా ఏం జరగొచ్చు, దాని అవకాశమెంత, నష్టమెంత అని రాసిన డాక్యుమెంట్ లేకుండా షీట్ ఒక్కటే పంపితే ఆడిటర్ మొదటి ప్రశ్న దాని గురించే వేస్తాడు. ఎలా రాయాలో తెలియకపోతే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఫిబ్రవరిలో తెచ్చిన 800-66 రెండో రివిజన్ చదవండి, ఉచితంగా దొరుకుతుంది. అందులో హిపా నిబంధనల్ని నిస్ట్ 800-53 కంట్రోల్స్‌తో జతచేసిన వివరాలున్నాయి. ఒక క్లయింట్ హిపా, ఇంకొకరు సాక్ 2, మరొకరు హైట్రస్ట్ (ఇవి రెండూ వేరే సెక్యూరిటీ ప్రమాణాలు) అడుగుతుంటే, 800-53 నంబర్లు ఒక కాలమ్‌లో పెట్టుకోండి. ఒకసారి సేకరించిన రుజువు మూడుచోట్లా పనికొస్తుంది.

ఉద్యోగి వెళ్లిపోయినప్పటి వరస చూడ్డానికి చిన్నది, దొరికిపోయేది మాత్రం అక్కడే. సింగిల్ సైన్ ఆన్‌లో ఐడీ ఆపేసి ఊరుకుంటారు. ఆ మనిషి క్రియేట్ చేసుకున్న యాక్సెస్ కీ, అందరూ వాడే ఎస్‌ఎఫ్‌టీపీ కీ, డేటాబేస్ పాస్‌వర్డ్ అలాగే పనిచేస్తుంటాయి. రుజువు కోసం గత మూడు నెలల్లో రిలీవ్ అయినవాళ్ల లిస్టు హెచ్‌ఆర్ దగ్గర తీసుకుని, ఒక్కొక్కరి పక్కన ఐడీ ఆపిన తేదీ, టైము రాయండి. తేడా రోజుల్లో ఉంటే దాన్ని దాచకుండా గ్యాప్ అని రాయండి.

ఘటన జరిగితే: రెండు గడియారాలు

బ్రీచ్ సంగతి బిజినెస్ అసోసియేట్ తన క్లయింట్‌కి అనవసర ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ తెలిసిన 60 రోజుల్లోపు చెప్పాలని హిపా అంటుంది. మీ బీఏఏలో అంతకంటే చాలా తక్కువ గడువు ఉండొచ్చు, ఉన్నది చదివి వరసలో అంకె రాయండి. మీరు ఇండియాలో ఉన్నారు కాబట్టి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాలు కూడా వర్తిస్తాయి: నిర్దేశించిన సైబర్ ఘటనల్ని తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. అమెరికా డేటాయే కదా, మన 2023 డేటా రక్షణ చట్టంతో మనకేం పని అనుకోవద్దు. విదేశీ కంపెనీతో కాంట్రాక్టు కింద విదేశీయుల డేటా చూసేవాళ్లకి ఆ చట్టం చాలా మినహాయింపులిచ్చింది, తగిన భద్రత పాటించే బాధ్యతని మాత్రం మినహాయించలేదు. ఈ రెండింటికీ షీట్ చివర వేరే వరసలు పెట్టుకోండి.

షీట్ పాతబడకుండా, బయటికి పంపేటప్పుడు

సెట్టింగుల్ని గమనించే ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగ్ సర్వీసులో హిపా పేరుతో ఒక కన్ఫార్మెన్స్ ప్యాక్ (ముందే రాసిన తనిఖీల కట్ట) ఉంది. పెట్టుకుంటే ఏ సెట్టింగ్ జారిపోయిందో రోజూ చెబుతుంది. అంతా ఆకుపచ్చగా కనబడితే మురిసిపోకండి. అది చూసేది సెట్టింగులే, యాప్ లాగ్‌నీ, హెచ్‌ఆర్ లిస్టునీ, బీఏఏనీ అది చూడలేదు. కొత్త సర్వీసు వచ్చినా, కొత్త క్లయింట్ వచ్చినా డేటా దారి మళ్లీ గీసి, తగిలిన వరసలు సరిచేయండి. పాలసీలు, తీసుకున్న చర్యల రికార్డులు 6 ఏళ్లు ఉంచాలని 164.316 చెబుతుంది. ముడి లాగ్‌లన్నీ అంతకాలం ఉంచమని అది నేరుగా అనదు, మీ కాంట్రాక్టు అంటుందేమో చూడండి. పాత షీట్ మీద రాసేయకుండా తేదీతో కాపీ తీసి దాచండి.

క్లయింట్‌కి పంపేది ఈ షీట్ పూర్తి కాపీ కాకూడదు. అకౌంట్ నంబర్లు, కీ ఐడీలు, బకెట్ పేర్లు, మనుషుల పేర్లు తీసేసి, నిబంధన, చేసిన పని, స్థితి, చివరిసారి చూసిన తేదీ మాత్రం ఉంచండి. గ్యాప్ ఉన్న వరసల్ని తీసేయకండి, వాటి పక్కన ఎప్పటికి పూర్తవుతుందో తేదీ వేయండి. రుజువులు అడిగితే మెయిల్‌లో పెట్టకుండా, స్క్రీన్ షేర్ చేసి చూపించండి. స్క్రీన్ షేర్‌కి ముందు ఆ లాగ్‌లో పేషెంట్ల పేర్లు కనిపించడం లేదని మరోసారి చూసుకోండి.